బ్యారెల్ మార్చుకునే సింగిల్ షాట్ రైఫిల్: ముందు ఫ్రేమ్ సంగతి చూడండి

అమెరికాలో జింకల సీజన్ దగ్గరపడితే చాలు, ఒకే తుపాకితో అన్నీ కానిచ్చేద్దామనుకునేవాళ్ల చూపు థాంప్సన్ సెంటర్ కంపెనీ రైఫిల్ మీద పడుతుంది. మధ్యలో వంచి తెరిచే రైఫిల్, ఒకసారికి ఒకటే తూటా. బ్యారెల్ విప్పి వేరేది బిగిస్తే వేరే రైఫిల్ అయిపోతుంది. దొరికే బ్యారెళ్ల జాబితా చూసి మురిసిపోయి, బ్యారెల్‌ను పట్టి ఉంచే, ట్రిగ్గర్, హ్యామర్ ఉండే ఫ్రేమ్ గురించి ఆఖర్న ఆలోచిస్తారు చాలామంది. ఆ పని మొదట జరగాలి.

థాంప్సన్ సెంటర్‌లో ఫ్రేములు రెండు రకాలు. 1967లో వచ్చిన కంటెండర్, దాని తర్వాతి రూపం జి2 ఒక వైపు. 1990ల చివర్లో వచ్చిన ఎన్‌కోర్ ఇంకో వైపు. కంటెండర్ బ్యారెల్ ఎన్‌కోర్‌కి ఎక్కదు, ఎన్‌కోర్‌ది దీనికి ఎక్కదు. ఏ తూటా ఏ ఫ్రేముకి అన్నది పీడనం ఒక్కటే చూస్తే తేలదు. పేలినప్పుడు కేసు (తూటా ఇత్తడి గొట్టం) ఫ్రేమును ఎంత బలంగా వెనక్కి తోస్తుందన్నది అసలు లెక్క. కేసు అడుగు వైశాల్యాన్ని పీడనంతో గుణిస్తే ఉజ్జాయింపుగా తెలిసిపోతుంది. 223 రెమింగ్టన్ తూటా కేసు వ్యాసం 0.376 అంగుళాలు, గరిష్ఠ పీడనం 55,000 పీఎస్‌ఐ (చదరపు అంగుళానికి పౌండ్లు). తోపు సుమారు 6,100 పౌండ్లు. 30-30కి 0.422, 42,000, దాదాపు 5,900. 45-70 లావు చూసి జంకుతారు గానీ దాని పీడనం 28,000 మాత్రమే, 5,600 దగ్గరే ఆగుతుంది. అదే 308 విన్‌చెస్టర్ అయితే 0.470, 62,000, 10,700 దాటిపోతుంది. మొదటి మూడూ కంటెండర్‌కి సరిపోయి, 308కి ఎన్‌కోర్ కావాల్సి రావడం ఇందుకే. కొత్త లీవర్ రైఫిళ్ల కోసమని ఘాటుగా నింపిన 45-70 తూటాలకు మాత్రం ఈ లెక్క పనికిరాదు, వాటిని కంటెండర్‌లో వేయకండి.

చవకలో హెచ్ అండ్ ఆర్ హ్యాండీ రైఫిల్ సెకండ్ హ్యాండ్‌లో కనిపిస్తుంటుంది. 2015లో దాని తయారీ ఆగిపోయింది. దానికి అదనపు బ్యారెల్ కావాలంటే ఫ్రేమును ఫ్యాక్టరీకి పంపి దానికి సరిపడేలా బ్యారెల్ అమర్చించుకునేవారు. ఇప్పుడు ఆ పని తెలిసిన గన్‌స్మిత్ చేయాలి. ఎస్‌బి1 ఫ్రేము షాట్‌గన్‌కే, రైఫిల్ బ్యారెల్‌కి ఎస్‌బి2 ఉండాలి. జర్మనీ బ్లేజర్ కె95 అద్భుతంగా ఉంటుంది, ధర కూడా ఆ స్థాయిలోనే ఉంటుంది.

పాత ఎన్‌కోర్ కొనేటప్పుడు ఇలా చూడండి. తెరిచి, చాంబర్‌లో (తూటా కూర్చునే చోట) వేలు పెట్టి ఖాళీ అని నిర్ధారించుకోండి. ఫోరెండ్ (బ్యారెల్ కింద చేత్తో పట్టుకునే భాగం) స్క్రూలు విప్పి దాన్ని పక్కన పెట్టండి. తుపాకిని కాస్త తెరిచి బ్యారెల్‌ను కిందికి దించితే, దాన్ని ఫ్రేముకి కలిపే హింజ్ పిన్ మీద ఒత్తిడి తగ్గుతుంది. ఇత్తడి కడ్డీతో పిన్‌ను బయటికి తోసి బ్యారెల్ ఎత్తేయండి. బిగించేటప్పుడు పిన్‌కి పలుచగా గ్రీజు చాలు. ఫోరెండ్ లేకుండా మూసి, బ్యారెల్ పట్టుకుని అటూ ఇటూ కదిపి చూడండి. ఆడుతుంటే ఇంకో బ్యారెల్ వేసి మళ్లీ చూడాలి. అదీ ఆడితే తప్పు ఫ్రేముది, ఆడకపోతే మొదటి బ్యారెల్‌ది. కొంచెం లావు పిన్ వేస్తే సర్దుకునే సందర్భాలు చాలానే ఉన్నాయి, బేరం ఆడటానికి కూడా అది పనికొస్తుంది.

"హ్యామర్ పడింది, తూటా పేలలేదు" అనే ఫిర్యాదు తరచూ వినిపిస్తుంది. అందరూ ఫైరింగ్ పిన్‌ను తిడతారు. ఇంట్లో నింపిన తూటాలైతే ముందు కేసు భుజం (మెడ దగ్గర సన్నబడే చోటు) చూడండి. వాడిన కేసును డైలో (మళ్లీ కొలతకి తెచ్చే అచ్చులో) నొక్కినప్పుడు అది సరిపడా వెనక్కి జరగకపోతే తుపాకి పూర్తిగా మూసుకుని లాక్ అవదు, దెబ్బ పడదు. భయపడి డైని షెల్‌హోల్డర్‌కి (కేసు అడుగును పట్టుకునే ముక్కకి) తగిలేదాకా దించితే రెండో తంటా: భుజం మరీ వెనక్కి పోతుంది, పేల్చిన ప్రతిసారీ కేసు అడుగుకి కాస్త పైన సాగుతుంది, అక్కడ మెరిసే గీత కనిపిస్తుంది. పేపర్ క్లిప్ కొస వంచి కేసు లోపల గీరితే ఆ చోట గాడి తగులుతుంది. తగిలితే ఆ కేసు చెత్తబుట్టకే. భుజాన్ని 0.001 నుంచి 0.002 అంగుళాలు మాత్రమే వెనక్కి నెట్టాలి. 30-30, 45-70 లాంటి అంచు ఉన్న కేసులు ఇలాంటి తుపాకుల్లో తక్కువ విసిగిస్తాయి, కేసును బయటికి లాగే ఎక్స్‌ట్రాక్టర్ కూడా జారదు.

స్కోప్ బ్యారెల్ మీదే ఉంటుంది, ఫ్రేము మీద కాదు. కాబట్టి ప్రతి బ్యారెల్‌కి సొంత స్కోప్ ఉంటే మార్చినప్పుడల్లా జీరో (సరిచేసిన గురి) దాదాపు నిలుస్తుంది. ఒకటే స్కోప్ తిప్పుకుందామంటే ప్రతిసారీ రేంజ్‌కి పోయి తూటాలు కాల్చాల్సిందే. బ్యారెల్, స్కోప్, మౌంటు, కొన్నిటికి వేరే ఫోరెండ్ కలిపితే మూడో బ్యారెల్ దగ్గర మామూలు బోల్ట్ రైఫిల్ ఖర్చు దాటేస్తారు. రెండు చాలు. ఒహాయోలో జింకను రైఫిల్‌తో వేటాడాలంటే 357 నుంచి 50 క్యాలిబర్ మధ్య నిటారు కేసు (భుజం లేని) తూటాలే చెల్లుతాయి కాబట్టి అక్కడ 350 లెజెండ్ (పేరులో 350 ఉన్నా చెల్లుతుంది), మజిల్‌లోడర్ (మూతి వైపు నుంచి మందు నింపే తుపాకి) సీజన్‌కి 209 ప్రైమర్‌తో పేలే బ్యారెల్ మంచి జత. మజిల్‌లోడర్ బ్యారెల్ బిగించి ఉన్నా ఫెడరల్ చట్టం ఎన్‌కోర్ ఫ్రేమును తుపాకిగానే చూస్తుంది.

చట్టంలో జారిపడే చోటు ఇంకొకటి ఉంది. రైఫిల్ బ్యారెల్ కనీసం 16 అంగుళాలు, మొత్తం పొడవు 26 ఉండాలి. పిస్టల్‌గా అమ్మిన కంటెండర్‌ని రైఫిల్‌గా మార్చేటప్పుడు ముందు పొడవు బ్యారెల్, తర్వాత భుజానికి ఆనించే స్టాకు. వెనక్కి మార్చేటప్పుడు ముందు స్టాకు తీయాలి. పొట్టి బ్యారెల్‌కి స్టాకు ఒక్క క్షణం తగిలినా రిజిస్టర్ చేయాల్సిన ఆయుధం అవుతుంది. 1992లో అమెరికా సుప్రీంకోర్టు థాంప్సన్ సెంటర్ పక్షాన తీర్పిచ్చింది పిస్టల్, స్టాకు, పొడవు బ్యారెల్ కిట్టుగా కలిపి అమ్మడం గురించే, తప్పుగా బిగించడం గురించి కాదు. రైఫిల్‌గా అమ్మిన ఫ్రేముకైతే పిస్టల్ బ్యారెల్ జోలికే పోవద్దు.

హెచ్-1బి మీద ఉన్న మనవాళ్లకి: నాన్‌ఇమిగ్రెంట్ వీసాదారులు తుపాకి గానీ తూటా గానీ దగ్గర ఉంచుకోవడం ఫెడరల్ నేరం. ఏదైనా రాష్ట్రం ఇచ్చిన చెల్లుబాటు అయ్యే వేట లైసెన్సు ఉంటే మినహాయింపు వర్తిస్తుంది. లైసెన్సు గడువు ముగిస్తే ఆ మినహాయింపూ ముగుస్తుంది, బీరువాలో రైఫిల్ మాత్రం అలాగే ఉంటుంది. కొనకముందే లాయర్‌ని అడగండి, రాష్ట్ర చట్టం కూడా విడిగా చూసుకోండి.