వెంటపడకుండా ఆడిన ఆదివారం

ఈరోజు ఆదివారం, తొందరగా లేవాల్సిన పనేం లేదు కానీ ఆరున్నరకే మెలకువ వచ్చేసింది, పిన్ని వాళ్ళబ్బాయి పటమట నుంచి వస్తానన్నాడు కదా మరి. వాడొచ్చేది స్మాష్ ఆడటానికే, అంటే సూపర్ స్మాష్ బ్రదర్స్ అనే వీడియో గేమ్, ఒక్కొక్కరు ఒక్కో క్యారెక్టర్‌ని పట్టుకుని కొట్టుకునేది. వాడు పట్టుకునేది ఫాక్స్‌ని, నేను బౌజర్‌ని. నెల రోజులుగా వాడి ఫాక్స్ నా బౌజర్ని కొడుతూనే ఉన్నాడు, పోయిన వారం అయితే ఒక్క గేమ్ కూడా గెలవలా నేను. వారమంతా ఆఫీసులోనూ, బెంజ్ సర్కిల్ దగ్గర ట్రాఫిక్‌లో ఆగినప్పుడూ ఒకటే ఆలోచన, అంత స్పీడ్‌గా తిరిగేవాణ్ణి ఎట్టా ఆపాలి అని.

ఈ గేమ్ తెలియనివాళ్ళకి చెప్పాలంటే, మామూలు ఫైటింగ్ గేమ్స్‌లో లాగా హెల్త్ తగ్గిపోవడం ఉండదు ఇందులో. దెబ్బ తగిలేకొద్దీ మన పర్సెంట్ పెరుగుద్ది, అది పెరిగేకొద్దీ తర్వాత తగిలే దెబ్బకి ఇంకా దూరం ఎగిరిపోతాం, స్టేజ్ బయటికి పోయి తిరిగి రాలేకపోతే ఒక ప్రాణం పోయినట్టు. మేము ఆడేది నింటెండో వాళ్ళ గేమ్ మెషిన్ స్విచ్‌లో 2018లో వచ్చిన అల్టిమేట్. ఫాక్స్ 1999లో వచ్చిన మొదటి స్మాష్ నుంచీ ఉన్నాడు, బౌజర్ 2001లో వచ్చిన రెండో స్మాష్ మెలీతో వచ్చాడు. నాకు బౌజర్ అంటే మొదటినుంచీ ఇష్టం, ఇంకెవర్నీ పట్టుకోను.

నేను ఇన్నాళ్ళూ చేసిన తప్పు ఏంటంటే వాడు వెనక్కి ఉరికితే నేనూ వాడి వెనకాల ఉరకడం. ఈ గేమ్‌లో పరుగు మొదలుపెట్టిన ఆ క్షణంలో షీల్డ్, అంటే దెబ్బకి అడ్డం పెట్టుకునేది, రాదు, డాష్ కొట్టామంటే కాసేపు మన ఒంటికి అడ్డం ఏమీ లేనట్టే, వాడు సరిగ్గా అప్పుడే లోపలికి వచ్చి కొట్టేవాడు. అదే నడుస్తుంటే షీల్డ్ ఎప్పుడు కావాలంటే అప్పుడు వస్తుంది. శుక్రవారం రాత్రి ఒక్కణ్ణే ట్రైనింగ్‌లో కూర్చుని స్టిక్‌ని కొంచెమే తోసి నడవడం ప్రాక్టీస్ చేశా, చూసేవాళ్ళకి ఏముంది అందులో అనిపిస్తుంది కానీ నాకైతే అక్కడే తలుపు తెరుచుకుంది.

డిగ్రీలో ఉన్నప్పుడు నేను కబడ్డీ ఆడేవాణ్ణి, కార్నర్‌లో నిలబడేవాణ్ణి. రైడర్ ఎంత చురుగ్గా ఉన్నా వాడి వెంట పడకూడదు, మీద పడబోతే చెయ్యి తగిలించి గీత దాటేస్తాడు. వాడు కాలు ఎక్కడ వేస్తాడో చూసి అక్కడ మడమ పట్టాలి. ఇన్నాళ్ళూ ఇది గుర్తు రాలేదేంటా అని నిన్నంతా అనుకుంటూనే ఉన్నా.

వాడు పదింటికి వచ్చాడు, అమ్మ ఇద్దరికీ పెసరట్టు అల్లం పచ్చడి పెట్టింది, తిని కూర్చున్నాం. మొదటి గేమ్ పోయింది. దూరంగా నిలబడితే ఊరికే ఉంటాడా, గన్‌తో లేజర్లు కొడతాడు, వాటికి మనవాడు తూలడు కానీ పర్సెంట్ మాత్రం ఎక్కుతూ ఉంటుంది, కాబట్టి ఉన్నచోటే కూర్చోవడం కూడా పనికిరాదని అర్థమైంది. రెండో గేమ్ నుంచి నడవడం మొదలుపెట్టా. నాలుగడుగులు, షీల్డ్, మళ్ళీ రెండడుగులు. వాడికి వెనకాల చోటు తగ్గిపోతూ వచ్చింది, అంచు దగ్గరికి వచ్చేసరికి ఇక వాడే నా మీదికి దూకాలి.

దూకి షీల్డ్ మీద కొట్టాడు, నేను షీల్డ్‌లోంచే అప్ బీ వేశా, అంటే స్టిక్ పైకి తోసి బీ బటన్ నొక్కడం, బౌజర్ గిర్రున తిరిగే దెబ్బ. అది ఆరో ఫ్రేమ్‌కే తగులుద్ది, తెర మీద బొమ్మ సెకనుకి 60 సార్లు మారుద్ది, ఒక్కోటి ఒక ఫ్రేమ్, అంటే ఆరు ఫ్రేములు సెకనులో పదో వంతు. వాడు ముందున్నా, దాటి వెనక్కి పోయినా తగులుద్ది. తగలకపోతే మాత్రం మనం చాలాసేపు ఇరుక్కుపోతాం, అందుకే ప్రతిసారీ వెయ్యకూడదు, వాడు నిజంగా దగ్గర ఉన్నాడా లేదా చూసుకోవాలి.

ఇంకో లెక్క కూడా మనసులో పెట్టుకున్నా. ఫాక్స్ బరువు 77, బౌజర్‌ది 135, గేమ్ మొత్తంలో ఇంతకన్నా బరువైనవాడు లేడు. బరువు ఎక్కువుంటే దెబ్బకి తక్కువ దూరం ఎగురుతాం, అంటే వాడు నన్ను చాలాసార్లు కొట్టాలి, నేను కొన్నిసార్లు కొడితే చాలు. ఇది గుర్తుంటే రెండు దెబ్బలు తిన్నా కంగారు పుట్టదు, నేను ఓడిపోయిన గేములన్నీ కంగారులో పోయినవే. స్టేజ్ బయట పడ్డప్పుడు కూడా అంతే, ఫాక్స్ పైకి రావడానికి ఒంటికి మంట అంటించుకుని గాల్లో కాసేపు ఆగుతాడు, ఆ కాసేపట్లో నేను అంచు దగ్గరికి వెళ్ళి నిలబడితే వాడికి దారి ఉండదు. రెండో గేమ్, మూడో గేమ్ అట్టాగే గెలిచా, వాడు కంట్రోలర్ ఒళ్ళో పెట్టుకుని "అన్నయ్యా, ఇవాళ వేరేగా ఆడుతున్నావు" అన్నాడు. ఆ మాట నాకు గెలిచినదానికంటే ఎక్కువ.

ఇంతలో కరెంటు పోయింది. స్విచ్‌ని టీవీకి కలిపే డాక్‌లోంచి తీసి వరండాలో స్టూల్ మీద పెట్టుకుని ఆడాం, చిన్న స్క్రీన్, చెమటలు, అమ్మ విసనకర్ర తెచ్చి ఇచ్చింది. నాలుగో గేమ్ కూడా నాదే. ఐదోది వాడు గెలిచాడు, ఎట్టాగంటే షీల్డ్ కొట్టడం మానేసి పట్టుకోవడం మొదలుపెట్టాడు, గ్రాబ్‌కి షీల్డ్ అడ్డు కాదు. పదహారేళ్ళవాడు నాలుగు గేముల్లో నా అలవాటు చదివేశాడంటే వాడి మీద గౌరవం పెరిగింది నాకు. మూడు గేములతో వాడిదే ఈ వారం అనుకున్నాం కానీ మొదటినుంచీ మళ్ళీ లెక్కపెట్టుకుంటే మూడు నావి, రెండు వాడివి, ఇద్దరం నవ్వుకున్నాం.

సాయంత్రం వాడిని బస్సెక్కించి వచ్చా. ఇప్పుడు పదకొండు దాటింది, గ్రాబ్‌కి ఏం చెయ్యాలా అని ఆలోచిస్తున్నా. వాడు పట్టుకోవడానికి పరిగెత్తి వచ్చేముందు ఒకసారి చిన్నగా వెనక్కి డాష్ కొడతాడు, ఐదో గేమ్‌లో మూడుసార్లు చూశా. అది కనిపించగానే షీల్డ్ వదిలేసి ఉన్నచోటునుంచే పైకి ఎగరాలి, లేదా ముందే జాబ్, అంటే చిన్న గుద్దు, వేసి ఆపాలి. రెండూ రేపు రాత్రి ట్రైనింగ్‌లో చూసుకోవాలి.