బయోచార్‌కు మందు కొనక్కర్లేదు, బూడిద చాలు

బయోచార్ అంటే పుల్లల్ని గాలి తగలకుండా డ్రమ్ములో కాల్చి, పొలంలో వేసుకునే బొగ్గు. ఆ మాట ఎత్తితే ఈమధ్య దాని వెంటే ‘ఉత్ప్రేరకం’ అన్న మాట వస్తోంది, అంటే పుల్ల బొగ్గయ్యే మార్పును తొందరపెట్టే పదార్థం. జింక్ క్లోరైడ్, ఫెరిక్ క్లోరైడ్, ఫాస్ఫారిక్ ఆమ్లం అని పేర్లు చెబుతారు. నీళ్లు వడగట్టడానికి వాడే బొగ్గుకు వాటితో పని ఉంది. పొలంలో వేసే బొగ్గుకు లేదు. క్లోరైడ్ పట్టించిన పుల్లలు వేడెక్కితే ఆమ్లపు ఆవిరి లేస్తుంది. ముందు గొంతు మండుతుంది, తర్వాత డ్రమ్ము తుప్పు పడుతుంది. మిగిలిన జింకు మట్టిలో చేరుతుంది. పొలానికి కావలసిన ఉత్ప్రేరకం పొటాషియం. అది కట్టెల బూడిదలోనే ఉంది.

అది చేసే పని ఇది. పుల్లలో ముఖ్యంగా ఉండేవి మూడు: హెమీసెల్యులోజ్, సెల్యులోజ్, లిగ్నిన్. మొదటి రెండూ చక్కెర అణువుల గొలుసులు, మూడోది వాటిని అతికించి ఉంచే గట్టి పదార్థం. గాలి లేకుండా వేడి చేస్తే హెమీసెల్యులోజ్ 220 నుంచి 315 డిగ్రీల సెల్సియస్ మధ్య విడిపోతుంది, సెల్యులోజ్ సుమారు 315 నుంచి 400 మధ్య. లిగ్నిన్ నిదానంగా, అంతకన్నా చాలా విశాలమైన వేడి పరిధిలో విడిపోతూ పోతుంది. మామూలుగా సెల్యులోజ్‌లో చాలా భాగం తారు ఆవిరిగా మారి పొగగొట్టం దారి పడుతుంది. పొటాషియం ఉంటే ఆ దారి మారుతుంది. సెల్యులోజ్ గొలుసులోని చక్కెర అణువుల వలయాలు తెగి, నీరు, కార్బన్ డయాక్సైడ్ బయటికి పోయి, కార్బన్ ఎక్కువగా డ్రమ్ములోనే నిలబడుతుంది. విడిపోవడం కూడా కాస్త తక్కువ వేడికే మొదలవుతుంది. ఫలితంగా తారు తగ్గుతుంది, బొగ్గు పెరుగుతుంది, ఆ బొగ్గుతో పాటే పొటాష్ పొలానికి వెళుతుంది.

అయితే తడి పుల్లల్ని, గాలి దూరే డ్రమ్మును ఏ ఉత్ప్రేరకమూ కాపాడలేదు.

బెంగళూరు చుట్టుపక్కల ముడిసరుకుకు కరువు లేదు. కోలారు, చింతామణి, శిడ్లఘట్ట వైపు పట్టుపురుగులకు కొమ్మలతో సహా మేత వేస్తారు కాబట్టి ఆకు పోగా మల్బరీ పుల్లలు గుట్టలుగా మిగులుతాయి. కందికట్టె, మొక్కజొన్న బెండ్లు, కొబ్బరి చిప్పలు కూడా బాగుంటాయి. పురుగుల గదిలో చల్లిన బ్లీచింగ్ పొడి అంటిన పుల్లలు మాత్రం వద్దు, మళ్లీ ఆ క్లోరిన్ గొడవే. రాగి గడ్డి కాల్చడం నా లెక్కలో తప్పు, అది పశువుల నోటి ముందు మేత తీసినట్టే. నగరంలో ఎక్కడ చూసినా కనబడే ఎలనీరు బొండాల డొక్కలు ఊరిస్తాయి కానీ, పచ్చి డొక్కలో నీరే ఎక్కువ. నాలుగు ముక్కలుగా చీల్చి వారాల తరబడి ఎండబెట్టే ఓపిక ఉంటేనే వాటి జోలికి వెళ్లండి. వరి ఊక ఈ డ్రమ్ముకు పనికిరాదు. దాని మధ్య గాలీ వేడీ కదలవు, చుట్టూ మాడి నడుమ పచ్చిగా మిగులుతుంది.

పుల్లల్ని జానెడు ముక్కలుగా, బొటనవేలి లావుకు మించకుండా కొట్టండి. లావులో తేడా ఉంటే సన్నవి ఉడికిపోయేసరికి లావువి గోధుమ రంగులోనే ఆగిపోతాయి.

బూడిద ఎక్కడ దొరుకుతుంది? పల్లెలో కట్టెల పొయ్యి ఉంది. బెంగళూరులో అయితే ఇంకా కట్టెబొగ్గుతో ఇస్త్రీ చేసే బండివాళ్లను అడగండి. చెత్త, ప్లాస్టిక్, రంగు వేసిన చెక్క కాల్చిన బూడిద ముట్టుకోవద్దు, సీసం లాంటివి అందులో పేరుకుని ఉంటాయి. 15 కిలోల ఎండు పుల్లలకు జల్లించిన బూడిద ముప్పావు కిలో, అంటే ఇరవైలో ఒక వంతు. 4 లీటర్ల నీళ్లలో జావలా కలిపి, పుల్లల మీద పోస్తూ చేత్తో తిరగేయండి. చేతి తొడుగులు తప్పనిసరి, బూడిద నీళ్లు చర్మాన్ని తినేస్తాయి. వాన నీళ్లలో నానిన పాత బూడిద దండగ, పొటాష్ ఎప్పుడో కొట్టుకుపోయి సున్నం మిగిలి ఉంటుంది.

ఇక ఎండబెట్టడం. ఇక్కడే అందరికీ తొందర. తేమ 15 శాతం లోపు ఉండాలి. మీటరు లేకపోతే ఒక కట్టను రోజూ సాయంత్రం తూకం వేయండి, రెండు రోజులు వరసగా బరువు మారకపోతే ఎండినట్టు. పుల్ల విరిస్తే ఫట్‌మనాలి, నార సాగకూడదు. జనవరి నుంచి మార్చి దాకా బెంగళూరు ఎండకు నాలుగైదు రోజులు చాలు. సెప్టెంబరు, అక్టోబరు వానల్లో ఈ పని పెట్టుకోకండి.

డ్రమ్ములు రెండు కావాలి. బయటిది 200 లీటర్లది, లోపలిది 120 లీటర్లకు అటూఇటూ. పురుగుమందు పట్టిన డ్రమ్ము, గాల్వనైజింగ్ (జింకు పూత) ఉన్న డ్రమ్ము వద్దు. పెయింటు ఉంటే ఖాళీ డ్రమ్మును ఆరుబయట ఒకసారి గట్టిగా కాల్చి, పొగకు దూరంగా ఉండండి. బయటి డ్రమ్ముకు అడుగు నుంచి రెండంగుళాల ఎత్తులో, పక్క గోడ చుట్టూ అంగుళం రంధ్రాలు 8 వేయాలి. చాలామంది రంధ్రాలు అడుగు పళ్లెం నడుమ వేస్తారు. అవి సరిగ్గా లోపలి డ్రమ్ము నోటి కిందకు వచ్చి, బొగ్గు కావలసిందంతా బూడిదవుతుంది. మూతకు ఆరంగుళాల పొగగొట్టం, నాలుగడుగుల ఎత్తు.

లోపలి డ్రమ్మును పుల్లలతో నిటారుగా, బిగువుగా నింపండి. దాని మీద బయటి డ్రమ్మును బోర్లించి, రెండింటినీ కలిపి తిరగేయండి. ఇప్పుడు లోపలిది నోరు కిందకు పెట్టుకుని కూర్చుంటుంది. పుల్లల నుంచి వచ్చే వాయువు ఆ అంచు సందుల్లోంచి బయటికి వచ్చి, చుట్టూ ఉన్న మంటలోనే మండుతుంది. రెండు డ్రమ్ముల మధ్య సందులో పది కిలోల వరకు ఎండు కట్టెలు నిలబెట్టి, పైన చితుకులు వేసి, పైనుంచే అంటించండి. కింద అంటిస్తే వీధంతా పొగ.

మొదటి అరగంట తెల్లటి పొగ వస్తే అది నీటి ఆవిరి. అది ఆగకుండా వస్తుంటే పుల్లలు తడిగా ఉన్నాయని అర్థం, వేడంతా నీళ్లు కాచడానికే పోతోంది. పసుపు పొగ వస్తే తారు మండకుండా పోతోంది, గొట్టం ఎత్తు చాలలేదు లేదా రంధ్రాలు మూసుకున్నాయి. వాయువు మండేటప్పుడు కింది సందుల్లో మంట బుసకొడుతుంది, గొట్టం పైన పొగ దాదాపు కనబడదు. కొలవాలనుకుంటే బెంగళూరు ఎస్పీ రోడ్డు దుకాణాల్లో దొరికే కె-టైప్ థర్మోకపుల్‌ను (ఎక్కువ వేడి కొలిచే తీగ) లోపలి డ్రమ్ముకు తగిలించండి. 450 నుంచి 550 డిగ్రీలు చాలు. 700 దాటించడం లాభం కాదు, నష్టం. పొటాషియం ఉన్న బొగ్గు ఆ వేడిలో ఆవిరితో, కార్బన్ డయాక్సైడ్‌తో కలిసి తనంతట తానే కరిగిపోతుంది. ఉత్ప్రేరకానికి ఏది మనకు కావాలో ఏది వద్దో తెలియదు కదా.

గంటన్నర, రెండు గంటలకు బుస ఆగుతుంది. అదే కీలకమైన క్షణం. వాయువు ఆగగానే డ్రమ్ము చల్లబడుతూ బయటి గాలిని లోపలికి లాగుతుంది. రంధ్రాలన్నీ తడి బంకమట్టితో మూసి, గొట్టం తీసి, మూత బిగించి, తెల్లారేదాకా వదిలేయండి. మామూలు బొగ్గు కన్నా బూడిద పట్టించిన బొగ్గు తొందరగా రాజుకుంటుంది, పైకి చల్లగా కనబడినా నమ్మకండి. విప్పిన వెంటనే నేల మీద పరచి నీళ్లు చల్లండి, ఒకరోజు ఆరుబయట ఉంచాకే గోనెసంచికి ఎత్తండి. గదిలో పెట్టి విప్పితే కార్బన్ మోనాక్సైడ్ ప్రాణాలు తీస్తుంది. మేడ మీద ఈ పని అసలు వద్దు.

15 కిలోల పుల్లలకు నాలుగు కిలోల అటూఇటూ బొగ్గు వస్తుంది. మంచి బొగ్గు రాయి మీద వేస్తే గాజులా మోగుతుంది, చేతికంటిన నలుపు ఉత్త నీళ్లకే పోతుంది. జిడ్డుగా ఉండి సబ్బు అడిగితే తారు మిగిలింది, వాటిని ఏరి తర్వాతి విడతలో వేయండి.

పచ్చి బయోచార్‌ను నేరుగా మట్టిలో వేస్తే నత్రజనిని తనలో పట్టుకుని, మొక్కను కొన్నాళ్లు పస్తుంచుతుంది. సమాన కొలతలో పశువుల ఎరువు కలిపి, తడిగా, రెండు మూడు వారాలు మగ్గనివ్వండి. కుండీకి పదింట ఒక వంతు మించకూడదు. బూడిద పట్టించినది కాబట్టి క్షారం ఎక్కువ. కోలారు వైపు ఆమ్ల గుణం ఉన్న ఎర్ర నేలకు అది మేలు, ఇప్పటికే క్షారంగా ఉన్న నేలకు, గట్టి బోరు నీళ్లు పారే తోటకు కీడు. అనుమానం ఉంటే రెండు చిప్పలు తీసుకుని, ఒకదాంట్లో ఉత్త మట్టి, రెండోదాంట్లో బయోచార్ కలిపిన మట్టి వేసి, చెరో ఇరవై మెంతులు నాటండి. వారంలో రెండో చిప్పలో మొలకలు తగ్గితే, ఆ బొగ్గును రెండుసార్లు నీళ్లతో కడిగి మళ్లీ పరీక్షించండి.