పాత ఎస్.యు. కార్బురేటర్ కొనేముందు నీడిల్ చూడండి

అంబాసిడర్ 1489 సీసీ పెట్రోలు ఇంజిన్‌కో, మోరిస్ మైనర్‌కో సెకండ్‌హ్యాండ్ ఎస్.యు. కార్బురేటర్ (గాలిలో పెట్రోలు కలిపి ఇంజిన్‌కి పంపే భాగం) వెతికేవాళ్లు మొదట బాడీ ఎలా ఉందో చూస్తారు. కడిగితే ఏ బాడీ అయినా మెరుస్తుంది. పెట్రోలు ఎంత వెళ్లాలో తేల్చేవి నీడిల్ (పిస్టన్ కింద ఉండే సూది), జెట్ (ఆ సూది దిగే పెట్రోలు రంధ్రం), పిస్టన్ స్ప్రింగ్. ఈ మూడూ వేరే బండివైతే ఆ కార్బురేటర్‌తో ఎంత కుస్తీ పట్టినా సెట్టింగ్ కుదరదు.

ముందు మోడల్ తేల్చుకోండి. ఫ్లోట్ చాంబర్ (పెట్రోలు నిలవుండే గిన్నె) పక్కన విడిగా ఉండి, దాని అడుగు నుంచి జెట్‌కి సన్నని నైలాన్ పైపు వెళ్తుంటే అది హెచ్ఎస్ రకం. చాంబర్ విడిగానే ఉన్నా పైపు లేకపోతే పాత హెచ్ రకం. ఫ్లోట్ బాడీ కిందే కలిసిపోయి ఉంటే హెచ్ఐఎఫ్. తర్వాత మ్యానిఫోల్డ్ (ఇంజిన్‌కి బిగించే గొట్టం) వైపు బోరు కొలవండి: 31.75 మి.మీ. అయితే హెచ్ఎస్2, 38.1 అయితే హెచ్ఎస్4, 44.45 అయితే హెచ్ఎస్6. ఫ్లోట్ మూత స్క్రూ కింద చిన్న అల్యూమినియం బిళ్ల మిగిలి ఉంటే అదృష్టమే. దాని మీది ఏయుసి లేదా ఏయుడి నంబరు అది ఏ బండికి తయారైందో చెప్పేస్తుంది. బిళ్ల ఉంది కదా అని లోపల చూడకుండా వదలొద్దు. ఇన్నేళ్లలో ఎవరు ఏం మార్చారో బిళ్లకి తెలియదు.

పైన డోమ్ (పిస్టన్‌ని కప్పే గంట లాంటి మూత) స్క్రూలు విప్పేముందు డోమ్‌కీ బాడీకీ కలిపి ఒక గీత గీసుకోండి. పిస్టన్‌ని నిటారుగా ఎత్తండి, నీడిల్ వంగకూడదు. పక్క స్క్రూ వదులు చేసి నీడిల్ తీస్తే మొదట్లో అక్షరాలు కొట్టి ఉంటాయి. ఒకటి రెండు అక్షరాలుంటే ఫిక్స్‌డ్ రకం. ఇంగ్లిష్ 'A'తో మొదలై మూడు అక్షరాలుంటే స్ప్రింగుతో పక్కకి ఆనే రకం. మీ ఇంజిన్ మాన్యువల్‌లో ఉన్న కోడ్‌తో సరిపోవాలి. సరిపోకపోతే నీడిల్ మార్చాల్సిందే, జెట్ నట్టు తిప్పి సర్దలేం. ఐడిలింగ్‌లో కుదిరినట్టే ఉండి, ఘాట్ ఎక్కేటప్పుడు లీన్ (పెట్రోలు తక్కువ) అయిపోవచ్చు. నీడిల్‌ని వెలుతురులో తిప్పి చూడండి. ఒక పక్కే మెరుస్తున్న చార ఉంటే, అది ఫిక్స్‌డ్ రకమైతే, సెంటర్ తప్పి జెట్‌ని రాసుకుంది. అప్పుడు జెట్ రంధ్రం కూడా కోలగా అరిగి ఉంటుంది కాబట్టి రెండూ కలిపే మార్చండి. స్ప్రింగ్ కొసన రంగు మిగిలి ఉంటే నీలం 2.5 ఔన్సులు, ఎరుపు 4.5, పసుపు 8, ఆకుపచ్చ 12.

డోమ్, పిస్టన్ ఒక జత. ఒకదాని డోమ్‌లో ఇంకోదాని పిస్టన్ వేస్తే పని చెయ్యదు. పరీక్ష సులువే: స్ప్రింగ్ తీసేసి, పిస్టన్ అడుగు రంధ్రాలు మైనంతో మూసి, డ్యాంపర్ క్యాప్ (డోమ్ పైన ఆయిల్ పోసే చోటి మూత) బిగించి, పిస్టన్‌ని డోమ్‌లోకి పూర్తిగా తోయండి. తిరగేసి పిస్టన్ పట్టుకుంటే డోమ్ మెల్లగా కిందికి దిగాలి. ఊడి పడకుండా అడుగున చెయ్యి ఉంచండి. హెచ్ఎస్2కి 3–5 సెకన్లు, పెద్దవాటికి 5–7. టపీమని జారితే అరిగిపోయింది. ఎక్కడైనా పట్టేస్తే మురికి, లేదా డోమ్‌కి సొట్ట. పెట్రోలు, మెత్తటి గుడ్డ తప్ప లోపల ఏదీ వాడొద్దు. సాండ్‌పేపర్ వేసిన డోమ్ మళ్లీ పనికిరాదు.

షాపులోనే చూడాల్సింది థ్రాటిల్ స్పిండిల్, అంటే గాలి దారిని తెరిచి మూసే డిస్క్ బిగించిన కడ్డీ. పైకీ కిందికీ ఊపితే స్పష్టంగా ఆట తెలిస్తే అక్కడ గాలి లాగుతుంది, ఐడిలింగ్ ఎప్పటికీ నిలవదు. లేత్ మీద బుష్ వేయించుకోవచ్చు, ఆ ఖర్చు ధరలో తగ్గించి అడగండి. తిరిగి బిగించేటప్పుడు డిస్క్ స్క్రూల చీలిన కొసలు విప్పార్చడం మరవకండి. ఆ స్క్రూ ఊడితే నేరుగా సిలిండర్‌లోకే. డిస్క్ మధ్యలో స్ప్రింగ్ వాల్వ్ ఉంటే అది అలిసిపోయి ఐడిలింగ్ పెంచుతుంది. మామూలు డిస్క్ వేస్తే ఆ గోల ఉండదు.

ఫ్లోట్ చెవి దగ్గర ఊపి చూడండి, లోపల పెట్రోలు చప్పుడైతే పారేయండి. చాంబర్ బిగించే రబ్బరు అడాప్టర్‌కి వాలు ఉంటుంది. బండి మీద చాంబర్ నిటారుగా నిలబడకపోతే లెవెల్ తప్పి కారుతుంది.

బిగించాక జెట్‌ని బ్రిడ్జితో (జెట్ చుట్టూ గాలి దారిలో ఉండే మెట్టు) సమానంగా తెచ్చి, జెట్ నట్టు 12 ఫ్లాట్లు (ఆరు పక్కల నట్టులో ఒక్కో పక్క ఒక ఫ్లాట్), అంటే రెండు చుట్లు, కిందికి తిప్పండి. డ్యాంపర్‌లో ఎస్ఏఈ 20 ఆయిల్ పొయ్యండి. అది లేకపోతే యాక్సిలరేటర్ తొక్కగానే ఇంజిన్ తడబడుతుంది. ఇంజిన్ వేడెక్కాక పిస్టన్‌ని 0.8 మి.మీ. మాత్రమే ఎత్తండి. స్పీడ్ పెరిగి అలాగే ఉంటే రిచ్ (పెట్రోలు ఎక్కువ), పడిపోతే లీన్, ఒక్క క్షణం పెరిగి సర్దుకుంటే సరిగ్గా ఉన్నట్టు. నట్టు పైకి తిప్పితే లీన్, కిందికి తిప్పితే రిచ్. ఒక్కో ఫ్లాటే తిప్పి చూడండి.

ఇప్పుడు బంకుల్లో వచ్చేది ఇ20, అంటే 20 శాతం దాకా ఇథనాల్ కలిపిన పెట్రోలు. అదే సెట్టింగ్‌లో ఇది ఇంజిన్‌ని కొంచెం లీన్ చేస్తుంది కాబట్టి ఒకటి రెండు ఫ్లాట్లు కిందికి కావాల్సి రావచ్చు. పాత రబ్బరు పైపులు ఇథనాల్‌కి మెత్తబడి చీలతాయి, కార్బురేటర్‌తోపాటే పంపు నుంచి వచ్చే పైపు కూడా ఇథనాల్ తట్టుకునేది వేయించండి.