లింకన్ ఫైనాన్షియల్ పై అంతస్తు నుంచి నా ఆల్-ప్రో జట్టు

డిసెంబరు వచ్చిందంటే మా వాట్సాప్ గ్రూపులో పంచాయితీ మొదలవుతుంది. అమెరికన్ ఫుట్‌బాల్ లీగ్ ఎన్ఎఫ్ఎల్ సీజన్ చివరికొచ్చేసరికి ఎవరికి వాళ్ళు తమ ఆల్-ప్రో జట్టు, అంటే ఒక్కో స్థానంలో ఆ ఏటి మేటి ఆటగాళ్ళ జాబితా, రాసి పెట్టాలి. అఫెన్స్‌లో 11 మంది, డిఫెన్స్‌లో 11 మంది, బంతిని కాలితో తన్నే కికర్ ఒకడు, అవతలివాళ్ళు తన్నిన బంతి పట్టుకుని ఎదురు పరిగెత్తే రిటర్నర్ ఒకడు. అసలు ఆల్-ప్రో జట్టుని వార్తా సంస్థ అసోసియేటెడ్ ప్రెస్ (ఏపీ) 50 మంది మీడియా వాళ్ళ ఓట్లతో జనవరిలో ప్రకటిస్తుంది. మా గ్రూపులో ఓటర్లం మేమే, తిట్టుకునేదీ మేమే. 2024 సీజన్‌కి నా జాబితా ఇంకా సగంలో ఉండగా, మా మేనమామ కొడుకు ఫ్రిస్కో నుంచి సెలవులకి ఎడిసన్ వచ్చాడు. ఫ్రిస్కో అంటే డాలస్ కౌబాయ్స్ హెడ్ ఆఫీసు ఉన్న ఊరు. అక్కడ ఇల్లు కొనుక్కున్న మనవాళ్ళలో చాలామందికి ఈఎంఐతో పాటు ఆ జట్టు కూడా అంటుకుంటుంది. డిసెంబరు 29, ఆదివారం ఫిలడెల్ఫియా లింకన్ ఫైనాన్షియల్ స్టేడియంలో, ఆ ఊరి జట్టు ఈగల్స్ మీద కౌబాయ్స్ మ్యాచ్. ఇంత దగ్గరికొచ్చి బావ దాన్ని వదిలేస్తాడా!

నాకు సొంత జట్టంటూ లేదు. ఆటగాళ్ళ మీదే మోజు. ఆ రోజు చూడాల్సిన ఆటగాడు ఒకడున్నాడు: ఈగల్స్ రన్నింగ్ బ్యాక్, అంటే బంతి పట్టుకుని పరిగెత్తేవాడు, సేక్వాన్ బార్క్లీ. న్యూయార్క్ జెయింట్స్‌లో ఆరు సీజన్లు ఆడి, ఆ ఏడాది మార్చిలో ఈగల్స్‌కి వచ్చేశాడు. మా న్యూజెర్సీ జెయింట్స్ అభిమానులు ఇప్పటికీ ఆ మాట ఎత్తితే మొహం తిప్పుకుంటారు. మ్యాచ్‌కి ముందు ఆ సీజన్‌లో అతని ఖాతాలో 1,838 గజాల పరుగు ఉంది. ఇంకో 162 వస్తే 2,000. ఎన్ఎఫ్ఎల్ చరిత్రలో ఒకే సీజన్‌లో ఆ గీత దాటినవాళ్ళు అప్పటికి ఎనిమిది మందే.

ఎడిసన్ నుంచి ట్రెంటన్ దాకా న్యూజెర్సీ ట్రాన్సిట్ రైలు, అక్కడ దిగి ఫిలడెల్ఫియా లోకల్ రైలు సెప్టా. ఒంటిగంటకి ఆట కాబట్టి పొద్దున్నే బయల్దేరాం. ట్రెంటన్ ప్లాట్‌ఫామ్ మీద మా ఆవిడ కట్టిచ్చిన పులిహోర డబ్బా ఖాళీ చేశాం. స్టేడియంలోకి బ్యాగులు తీసుకెళ్ళాలంటే లోపల ఏముందో కనపడే ప్లాస్టిక్‌వే అయి ఉండాలి, అందుకని జేబుల్లో పట్టేవి తప్ప ఇంకేమీ తెచ్చుకోలేదు. నా మెళ్ళో బైనాక్యులర్స్. బావ జాకెట్ కింద కౌబాయ్స్ జెర్సీ.

"జిప్ తియ్యకు బావా, ఇది ఫిలడెల్ఫియా" అన్నాను.

"పోరా, ఏం చేస్తారు?"

ఏం చేస్తారో చరిత్రలోనే ఉంది. 1968 డిసెంబరులో ఇక్కడి జనం హాఫ్‌టైమ్‌లో మైదానంలోకొచ్చిన శాంతా క్లాజ్‌ని మంచు ముద్దలతో కొట్టారు. ఈగల్స్ పాత మైదానం వెటరన్స్ స్టేడియంలో గొడవలు భరించలేక 1990ల చివర్లో స్టేడియం అడుగునే ఒక కోర్టు పెట్టారు. తాగి తన్నుకున్నవాణ్ణి అక్కడికక్కడే జడ్జి ముందు నిలబెట్టేవారు. 2004లో ఆ స్టేడియాన్ని కూల్చేశారు. ఇప్పుడది పార్కింగ్ స్థలం. సిటీ హాల్ దగ్గర బ్రాడ్ స్ట్రీట్ లైన్ మెట్రో ఎక్కి చివరి స్టేషన్లో దిగి, ఆ పార్కింగ్ మీదుగానే నడిచాం. కార్ల వెనక డిక్కీలు తెరిచి, గ్రిల్ మీద సాసేజ్‌లు కాలుస్తూ, పొద్దున్నే బీర్లు పట్టుకుని నిలబడ్డ జనం. ఆకుపచ్చ టోపీ పెట్టుకున్న శాంతా ఒకడు ఎదురొచ్చాడు. ఈ శాంతాని ఎవరూ ఏమీ అనలేదు. బావ జిప్ తీశాడు. అంతే, నలువైపుల నుంచీ ఒకటే అరుపులు. ఒక ముసలాయన మాత్రం దగ్గరికొచ్చి, భుజం మీద చెయ్యేసి, "పాపం, నీకు చెప్పేవాళ్ళెవరూ లేరా?" అన్నట్టు తలాడించి పోయాడు. అరిచినవాళ్ళకంటే ఆయనే బావని ఎక్కువ గుచ్చాడు.

మా సీట్లు పై అంతస్తులో, మూలకి దగ్గరగా. ధర మాత్రం మూల ధరలా లేదు. అయితే ఈ ఆటని అర్థం చేసుకోవాలంటే అంతకంటే మంచి చోటు ఇంకోటి లేదని నా అభిప్రాయం. టీవీ కెమెరా ఎప్పుడూ బంతి వెంటే పోతుంది. పైనుంచి చూస్తే 22 మందీ ఒకేసారి కనపడతారు.

మా వెనక వరుసలో తెలుగు వినపడింది. ఎవరో మాస్టర్స్ చదివే కుర్రాళ్ళు, మొదటిసారి వచ్చారట. అందులో ఒకడు "అన్నా, ఇందులో అసలు ఏం జరుగుతోంది?" అని వంగి అడిగాడు. నాలుగు ప్రయత్నాల్లో పది గజాలు ముందుకెళ్ళాలి, వెళ్తే మళ్ళీ నాలుగు ప్రయత్నాలు, అలా అవతలి గీత దాకా, అది దాటితే టచ్‌డౌన్. ఇంతకంటే ఎక్కువ చెప్పలేదు. "మరి మధ్యలో ఆ లావుపాటోళ్ళు ఎందుకు?" అన్నాడు. అదీ అసలు ప్రశ్న.

బంతి పట్టుకుని పరిగెత్తేవాడు కబడ్డీ రెయిడర్ అనుకుంటే, ఆ అయిదుగురు లైన్‌మెన్ రెయిడర్ కోసం దారి తీసేవాళ్ళు. కబడ్డీలో రెయిడర్‌కి ఆ అదృష్టం లేదు, ఒక్కడే పోవాలి. ఇక్కడ బార్క్లీకి ముందు అయిదు కొండలు నడుస్తాయి. ఎడమ చివరి కొండ పేరు జోర్డన్ మైలాటా. 6 అడుగుల 8 అంగుళాలు, 165 కిలోలు. సిడ్నీ కుర్రాడు, రగ్బీ లీగ్ ఆడేవాడు. 2018 డ్రాఫ్ట్‌లో ఈగల్స్ అతన్ని చివరి రౌండులో 233వ పేరుగా తీసుకునేనాటికి ఈ ఆట ఒక్క మ్యాచ్ కూడా ఆడలేదు. కుడి చివర లేన్ జాన్సన్. జూనియర్ కాలేజీలో క్వార్టర్‌బ్యాక్‌గా, అంటే బంతి విసిరి ఆట నడిపేవాడిగా, ఆడినవాడు, తిని తిని లైన్‌లోకి మారాడు.

బైనాక్యులర్స్ మైలాటా మీద పెట్టి, బంతిని పట్టించుకోవడం మానేశాను. బంతిని విసిరే పాస్ ఆట అయితే అతను వెనక్కి జరుగుతాడు. ఎడమ కాలు ముందు వెనక్కి జారుతుంది, కుడికాలు దాని వెంట వస్తుంది, నడుం మాత్రం లేవదు. ఎదుటివాడు ఎంత ఊపుగా వచ్చినా చేతులు తొందరపడవు, అవతలివాడి చేతులు లేచాకే ఇతనివి ఛాతీ మీద పడతాయి. అదే పరుగు ఆట అయితే మనిషే మారిపోతాడు. స్నాప్ పడగానే, అంటే బంతి అందించి ఆట మొదలవగానే, మొదటి అడుగు ఎదుటివాడి చంక కిందికి, రెండో అడుగుకి అవతలివాడి మడమలు నేలని వదిలేస్తాయి, మూడో అడుగుకి వాడు పక్కకి తిరిగిపోయి ఉంటాడు. ఆ తిరిగిన సందులోంచే బార్క్లీ వెళ్ళేది. మామూలు రన్నింగ్ బ్యాక్‌కి అక్కడ ఆరు గజాలు వస్తాయి. బార్క్లీకి అవి ఇరవై అవుతాయి, అది అతని గొప్ప. కానీ మొదటి ఆరూ ఎవరివి? స్కోర్ షీట్‌లో ఆ గడి లేదు.

ఆట సంగతి గబగబా చెప్పేస్తాను, ఎందుకంటే పోటీ అట్టే లేదు. కౌబాయ్స్‌కి క్వార్టర్‌బ్యాక్ డాక్ ప్రెస్కాట్ లేడు, పాస్‌లు అందుకునే సీడీ ల్యాంబ్ లేడు. ఈగల్స్‌కి కూడా క్వార్టర్‌బ్యాక్ జేలెన్ హర్ట్స్ లేడు. అతని బదులు వచ్చిన కెన్నీ పికెట్‌కి దెబ్బ తగిలితే మూడోవాడు టానర్ మెకీ వచ్చాడు. మెకీ ఎన్ఎఫ్ఎల్ జీవితంలో మొదటి టచ్‌డౌన్ పాస్ పట్టిన ఏ.జె. బ్రౌన్, ఆ సంగతి గుర్తులేక బంతిని జనంలోకి విసిరేశాడు. మొత్తానికి 41-7. బావ మూడో క్వార్టర్ నుంచీ ఫోన్‌లో ఏదో చదువుకుంటున్నాడు.

అందరి లెక్కా బార్క్లీ గజాలదే. పక్కనున్నాయన వేళ్ళ మీద లెక్కపెడుతున్నాడు. నాలుగో క్వార్టర్‌లో 23 గజాల పరుగుతో 2,000 దాటింది. స్టేడియమంతా లేచి "ఈ-ఏ-జి-ఎల్-ఈ-ఎస్" అని అక్షరం అక్షరం అరుస్తుంటే బావ కూడా లేచి నిలబడ్డాడు. "ఆటగాడికి, జట్టుకి కాదు" అని సర్ది చెప్పుకున్నాడు. మొత్తం 2,005తో బార్క్లీ ఆ రోజు ముగించాడు. 1984లో ఎరిక్ డికర్సన్ పెట్టిన 2,105 రికార్డుకి ఇంకో 101 చాలు, ఇంకో మ్యాచ్ ఉంది, అదీ పాత జట్టు జెయింట్స్ మీద.

తిరుగు రైలు పెట్టెలో కాలు పెట్టే చోటు లేదు. చర్చంతా ఆ 101 మీదే. బావ ఆడించాల్సిందే అన్నాడు. నేను వద్దన్నాను. సీజన్ తర్వాత జరిగే నాకౌట్ మ్యాచ్‌లు, ప్లేఆఫ్స్‌లో జట్టుకి చోటు ఎలాగూ ఖాయమైపోయింది, డికర్సన్ ఆడింది 16 మ్యాచ్‌లు, ఇతనికి అది 17వ మ్యాచ్ అవుతుంది, ఎప్పటికీ దాని పక్కన ఒక చుక్క గుర్తు పెట్టి మాట్లాడతారు. కోచ్ నిక్ సిరియాని చివరికి బార్క్లీని కూర్చోబెట్టాడు. సరైన పనే. ప్లేఆఫ్స్‌లో మంచు పడుతుంటే లాస్ ఏంజెలెస్ రామ్స్ మీద 205 గజాలు పరిగెత్తాడు. ఫిబ్రవరి 9న, తన 28వ పుట్టినరోజునాడు, లీగ్ ఫైనల్ సూపర్ బౌల్ గెలిచాడు.

ట్రెంటన్‌లో రైలు మారాక సీట్లు దొరికాయి. ఫోన్ తీసి జాబితా పూర్తి చేయడానికి కూర్చున్నాం. అసలు యుద్ధం అక్కడ జరిగింది.

క్వార్టర్‌బ్యాక్ దగ్గరే ఆగిపోయాం. నాది బాల్టిమోర్ లామార్ జాక్సన్, బావది బఫెలో జాష్ ఆలెన్. సీజన్ పూర్తయ్యేసరికి జాక్సన్ 4,172 గజాల పాస్‌లు, 41 టచ్‌డౌన్లు, అవతలివాళ్ళ చేతికి చిక్కిన పాస్‌లు (ఇంటర్సెప్షన్లు) కేవలం 4, పైగా 915 గజాల పరుగు. ఒకే సీజన్లో 4,000 పాస్, 900 పరుగు అంతకుముందు ఎవరూ చేయలేదు. "అంకెలు వద్దురా, ఆలెన్ చుట్టూ ఎవరున్నారో చూడు" అన్నాడు బావ. నిజమే, జాక్సన్ వెనక 1,921 గజాలు పరిగెత్తిన డెరిక్ హెన్రీ ఉన్నాడు. ఆలెన్‌కి అలాంటి తోడు లేదు. అయినా నేను మారలేదు. జనవరిలో ఆల్-ప్రో జట్టులో చోటు జాక్సన్‌కి దక్కింది, ఫిబ్రవరిలో సీజన్ మేటి ఆటగాడికిచ్చే ఎంవీపీ అవార్డు 383-362 పాయింట్లతో ఆలెన్‌కి వెళ్ళింది. దాదాపు అదే ఓటర్లు, అదే సీజన్, రెండు జవాబులు! ఇద్దరం గెలిచాం అని చెప్పుకుంటున్నాం.

పాస్‌లు అందుకునే రిసీవర్లలో సిన్సినాటి జమార్ చేజ్ మీద గొడవ లేదు. 127 క్యాచ్‌లు, 1,708 గజాలు, 17 టచ్‌డౌన్లు, మూడింటిలోనూ లీగ్‌లో మొదటి స్థానం. అంత ఆడినా సిన్సినాటి ప్లేఆఫ్స్‌కి చేరలేదు, అది డిఫెన్స్ పుణ్యం. లైన్ పక్కన నిలబడి అడ్డుకోవడం, బంతి అందుకోవడం రెండూ చేసే టైట్ ఎండ్ చోటుకి లాస్ వేగస్ జట్టు కుర్రాడు బ్రాక్ బవర్స్, మొదటి సీజన్‌లోనే 112 క్యాచ్‌లు. డిఫెన్స్‌లో డెన్వర్ ప్యాట్రిక్ సర్టెయిన్ మా ఇద్దరికీ మొదటి పేరు. క్వార్టర్‌బ్యాక్‌లు అతను కాపలా ఉన్న వైపు బంతి వేయడానికే జంకుతారు. నేను గట్టిగా పట్టుబట్టింది ఈగల్స్ లైన్‌బ్యాకర్, అంటే డిఫెన్స్ ముందు వరుస వెనక కాచుకునేవాడు, జాక్ బాన్ కోసం. న్యూ ఆర్లీన్స్‌లో ఎక్కువగా, కిక్‌లప్పుడు దిగే స్పెషల్ టీమ్స్‌లో తిరిగినవాణ్ణి 35 లక్షల డాలర్లకి ఒక ఏడాది ఒప్పందం మీద తెచ్చుకున్నారు. డిఫెన్స్ కోచ్ విక్ ఫాంజియో అతన్ని అంచు నుంచి తీసి మధ్యలో నిలబెట్టాడు. బంతి ఉన్నవాణ్ణి పడగొట్టిన లెక్క, 151 ట్యాకిల్స్! ఏపీ వాళ్ళు కూడా ఒప్పుకున్నారు.

బావ తన జట్టు నుంచి ఇద్దర్ని ఇరికించాడు. కికర్ బ్రాండన్ ఆబ్రే, రిటర్నర్ కవాంటే టర్పిన్. ఆబ్రే కథ మనవాళ్ళకి నచ్చుతుంది: సాకర్ ఆడి, అది కుదరక సాఫ్ట్‌వేర్ ఇంజినీరుగా పనిచేసి, అక్కణ్ణుంచి కికర్ అయ్యాడు. ఆ సెప్టెంబరులో బాల్టిమోర్ మీద 65 గజాల నుంచి బంతిని గోల్ స్తంభాల మధ్యకి కొట్టాడు, అప్పటి రికార్డుకి ఒక్క గజం తక్కువ. "కోడింగ్ మానేసి బాగుపడ్డవాడు" అన్నాడు బావ, రేపు స్టాండప్ కాల్ ఉందని గుర్తొచ్చి. ఏపీ కికర్ ఓటు పిట్స్‌బర్గ్ క్రిస్ బాస్‌వెల్‌కి పోయింది, టర్పిన్‌కి మాత్రం ఏపీ ప్రకటించే రెండు జట్లలో మొదటిది, ఫస్ట్ టీమే దక్కింది. ఆ ఒక్క మెసేజిని బావ ఇప్పటికీ గ్రూపులో పిన్ చేసి ఉంచాడు.

నా జాబితా ఎడిసన్ వచ్చేలోపు పంపేశాను. గ్రూపులో అందరూ క్వార్టర్‌బ్యాక్‌తో మొదలుపెడతారు. నేను లైన్‌లో ఎడమ చివరివాడు, లెఫ్ట్ టాకిల్‌తో మొదలుపెట్టి, మొదటి పేరు మైలాటా అని రాశాను, బార్క్లీ రెండు. వెంటనే ఒకతను "లైన్‌మన్ ఏంటి మొదట? టైపింగ్ తప్పా?" అని అడిగాడు. ఏపీ ఫస్ట్ టీమ్‌లో ఆ చోటు టాంపా బే ట్రిస్టన్ వర్ఫ్స్‌కి ఇచ్చి, మైలాటాని, లేన్ జాన్సన్‌ని సెకండ్ టీమ్‌లో పెట్టారు. వర్ఫ్స్ తక్కువవాడని నేను అనను. కానీ 50 మందిలో ఎంతమంది ఒక మ్యాచ్ మొత్తం బంతి వదిలేసి ఎడమ చివర చూశారో నాకు తెలుసుకోవాలని ఉంది. బావ అదే రాత్రి గ్రూపులో నా జాబితా కింద రాశాడు: "వీడు మూడు గంటలు ఒక్కణ్ణే చూశాడు, నేను సాక్షి. స్కోరెంతో కూడా నన్నే అడిగాడు."