ఆ ఫ్యూజు కొనే ముందు వోల్టేజీ చూడరా అన్నాను

మిర్యాలగూడలో మోటార్లకు వైండింగ్ చేసుకునే మనిషికి వాల్వు ఆంప్లిఫయర్ (ట్రాన్సిస్టర్ల బదులు వేడెక్కే గాజు గొట్టాలతో శబ్దాన్ని పెంచే పెట్టె) గురించి ఏం తెలుస్తుందని మా మేనల్లుడి అనుమానం. ఆ పెట్టె బరువులో సగానికి పైగా మా పనే ఉంటుందని వాడికి తట్టలేదు. ఒక పవర్ ట్రాన్స్‌ఫార్మర్, రెండు అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్లు: రేకులు, రాగి తీగ, వార్నిష్.

వాడు కొన్నది స్పీకర్లను నడిపే ఈఎల్34 అనే పెద్ద వాల్వులు నాలుగు ఉన్న సెట్టు. ధర చెప్పను, మా అక్క ఇది చదువుతుంది. ఇప్పుడు దానికి మందపాటి పవర్ కేబుల్, బంగారు పూత ఫ్యూజు, వాల్వులకు సిలికాన్ రింగులు, కిందికి ఇత్తడి కాళ్లు తెప్పించాలని చీటీ రాసుకుని వచ్చాడు. "మామా, ఏది ముందు కొనమంటావు?"

ఏదీ కొనకుండా నల్గొండలో వాళ్లింటికి వెళ్లి ఆంప్లిఫయర్ వెనక వివరాలు రాసిన రేకు చూశాను. 220 వోల్టులకు చుట్టిన ట్రాన్స్‌ఫార్మర్ అది. వాడు పాటలు వినేది అందరూ పడుకున్నాక. ఆ వేళకు ఊళ్లో లోడు తగ్గుతుంది, ప్లగ్గులో మీటరు పెడితే 250 చూపించింది. వాల్వును లోపల వేడిచేసే తీగకు, అంటే హీటరుకు, 6.3 వోల్టులు అందాలి, పది శాతం అటూఇటూ అయితే ఓర్చుకుంటుంది. ఈ లెక్కన దానికి 7.1 దాటి అందుతోంది. వాల్వు లోపల కరెంటును అందుకునే లోహపు రేకును ప్లేటు అంటారు, దాని వోల్టేజీ కూడా అదే నిష్పత్తిలో పెరుగుతుంది. ఈఎల్34 ప్లేటు తట్టుకునేది 25 వాట్లు. ఆ హద్దు దాటితే లోపలి ప్లేటు ఎర్రబారుతుంది, ఆ తర్వాత ఏ కేబులూ కాపాడలేదు.

అందుకని నా చేత్తో ఒక చిన్న ట్రాన్స్‌ఫార్మర్ చుట్టి ఇచ్చాను. ప్రైమరీ (కరెంటు లోపలికి వచ్చే చుట్ట) 230, సెకండరీ (బయటికి ఇచ్చే చుట్ట) 24 వోల్టులు. ఆ సెకండరీని లైనుతో సిరీస్‌లో, పోలారిటీ ఎదురుగా, అంటే కూడే బదులు తీసేసేలా కలిపితే 250లోంచి 26 (230కి 24 అయితే 250కి అంత) పోయి 224 మిగులుతుంది. పగలు వోల్టేజీ పడిపోయినప్పుడు దాన్ని తప్పించడానికి ఒక స్విచ్చి. వోల్టేజీని మెల్లగా సర్దే సర్వో స్టెబిలైజరు కొన్నా సరిపోయేది. రిలే రకం మాత్రం పాట మధ్యలో టక్కుమని మెట్టు మారుస్తుంది, అది నాకు నచ్చదు.

ఇక చీటీలోని సరుకు. ఫ్యూజుకు కావలసింది సరైన ఆంపియర్లు, స్లో బ్లో రకం, అంటే స్విచ్చి వేసిన క్షణపు పోటును ఓర్చుకునేది, కావడం. దాని పని మాడిపోవడమే, బంగారంతో ఏం పని? కేబుల్ సంగతికొస్తే, స్తంభం నుంచి మీటరు దాకా వచ్చేది అల్యూమినియం తీగ, చివరి గజం మందంగా ఉంటే ఒరిగేదేముంది? రింగులు వాల్వు అదురును అణచడానికి, వాటికి మాత్రం కొంత అర్థం ఉంది. ముందున్న చిన్న వాల్వు, అంటే ఈసీసీ83ని పెన్సిలుతో మెల్లగా తట్టండి. స్పీకరులో గణగణమంటే రింగు తొడగండి, లేదా వాల్వే మార్చండి. పెద్ద వాల్వులకు మాత్రం వద్దు. వాటి గాజు రెండు వందల డిగ్రీలు దాటి కాలుతుంది, పైగా మన ఎండాకాలం ఎటువంటిదో తెలిసిందే.

వాడి స్నేహితుడొకడు 6ఎల్6 అనే మరో రకం వాల్వుల సెట్టులో ఈఎల్34లు పెడతానంటున్నాడట. సాకెట్టు ఒకటే, నిజమే. కానీ 6ఎల్6 హీటరు తాగేది 0.9 ఆంపియరు, ఈఎల్34ది 1.5. నాలుగింటికి కలిపి 3.6 కోసం చుట్టిన తీగలో 6 ఆంపియర్లు పారితే ఏమవుతుందో నా షాపుకు వచ్చే మాడిన మోటార్లను అడగమనండి. ఆపైన ఒకటో పిన్ను కనెక్షను వేరు, బయాస్ (వాల్వు ఊరకే ఉన్నప్పుడు తాగే కరెంటును నిర్ణయించే వోల్టేజీ) మళ్లీ సెట్ చేయాలి. కెపాసిటర్లు మార్చే సరదా ఉన్నవాళ్లు ఒకటి గుర్తుంచుకోవాలి: ప్లగ్గు పీకిన తర్వాత కూడా వాటిలో నాలుగు వందల వోల్టులు నిలిచి ఉండవచ్చు.

వాళ్లింట్లో ఎర్త్ గుంత ఎండిపోయి ఉంది. బొగ్గు, ఉప్పు వేయించి, వేసవిలో నీళ్లు పోస్తుండమని చెప్పాను. బర్ర్‌మని శబ్దం వస్తోందని ప్లగ్గులోని మూడో పిన్ను, అంటే ఎర్త్ పిన్ను, విరిచేసేవాళ్లు ఉన్నారు. అలాంటివాళ్ల సెట్టును నేను ముట్టను.

వాల్వుల పైనుండే ఇనుప జాలీని వాడు తీసి అటక మీద పడేశాడు, వెలుగు కనిపించాలట. ఇంట్లో అప్పుడే నడక నేర్చిన పిల్ల ఉంది. జాలీ బిగించేదాకా ట్రాన్స్‌ఫార్మర్ ఇవ్వనన్నాను, సణుగుతూనే బిగించాడు. ఇత్తడి కాళ్లకు మాత్రం నేను అడ్డుచెప్పలేదు, డబ్బు వాడిది.