తాళం చెవి చప్పుడు

రాత్రి రెండు గంటలకు తలుపు తాళంలో చెవి తిరిగేది. వచ్చేది మా రూమ్మేటే, షిఫ్టు ముగించుకుని. ఆ సంగతి నాకు తెలుసు. తెలిసినా చేతులు చల్లబడేవి, కడుపులో మెలిపెట్టేది, గుండె గొంతులో కొట్టుకునేది. దుప్పటి ముఖం మీదికి లాక్కుని నిద్ర నటించేవాణ్ణి. అప్పటికి నాకు ఇరవై ఆరేళ్లు. ఉద్యోగం చేస్తున్నాను, నా అద్దె నేనే కట్టుకుంటున్నాను.

మొదట గుండె డాక్టరు దగ్గరికి వెళ్లాను. ఈసీజీ, ఎకో రెండూ బాగున్నాయి. తర్వాత కడుపు డాక్టరు ఎండోస్కోపీ చేసి, ఏమీ లేదు, టెన్షన్ తగ్గించుకోమన్నారు. మూడో చోట ఒక డాక్టరమ్మ ఇంకోలా అడిగారు. "ఇది మొదలయ్యేటప్పుడు చుట్టూ ఏం జరుగుతుంటుంది?" ఆలోచించి చెప్పాను: ఎవరో తలుపు తీస్తుంటారు. ఆవిడ రాయడం ఆపారు. "చిన్నప్పుడు మీ ఇంట్లో తలుపు తీసుకుని వచ్చేదెవరు?"

నాన్న. చెవి ఒక్కసారికే తాళంలో పడితే ఆ రాత్రి గండం గడిచినట్టు. రంధ్రం దొరక్క తలుపు మీద గీసుకుంటూ ఉంటే బెల్టు వస్తుంది. అక్కా నేనూ ఆ చప్పుడునే వింటూ పెరిగాం. మాది నాలుగంతస్తుల బిల్డింగు, పక్కింటికీ మాకూ మధ్య ఒకటే గోడ. వాళ్ల టీవీలో మాటలన్నీ మాకు వినిపించేవి. దెబ్బలు మొదలవగానే ఆ టీవీ సౌండు పెరిగేది. బెల్టు వాత కొన్నాళ్లకు మానింది. టీవీ సౌండు పెంచడం మాత్రం ఇప్పటికీ నొప్పిగానే ఉంది.

డాక్టరమ్మ సైకియాట్రిస్టుకు చీటీ రాసిచ్చారు. అది రెండు నెలలు పర్సులోనే పడి ఉంది. దాన్ని బయటికి తీయించింది మా మేనల్లుడు. ఐదేళ్లవాడు, ఆడుకుంటూ నా ల్యాప్‌టాప్ మీద నీళ్లు ఒలకబోశాడు. నా చెయ్యి లేచింది. దెబ్బ పడలేదు. కానీ అప్పటికే వాడు కళ్లు గట్టిగా మూసుకుని, భుజాలు చెవులదాకా ముడుచుకున్నాడు. ఆ ముడుచుకోవడం నాకు బాగా తెలుసు. మర్నాడే అపాయింట్‌మెంట్ తీసుకున్నాను.

జబ్బు పేరు కాంప్లెక్స్ పీటీఎస్‌డీ అన్నారు. పీటీఎస్‌డీ అంటే ఘోరమైన అనుభవం తర్వాత మనసులో మానకుండా మిగిలే గాయం. ప్రపంచ ఆరోగ్య సంస్థ జబ్బుల జాబితా కొత్త కూర్పు 2022 జనవరిలో అమల్లోకి వచ్చింది, అందులో దీన్ని విడిగా చేర్చారు. పాత భయం ఇప్పుడే జరుగుతున్నట్టు తిరిగి రావడం, దాన్ని గుర్తుచేసేవాటికి దూరంగా తిరగడం, ఎప్పుడూ ఏదో ముంచుకొస్తున్నట్టుండటం పీటీఎస్‌డీ లక్షణాలు. వాటితో పాటు కోపం, దుఃఖం అదుపు తప్పడం, నేనెందుకూ పనికిరాననే నమ్మకం, మనుషులతో దగ్గరగా ఉండలేకపోవడం కూడా ఉంటే ఈ పేరు పెడతారు. వింటుంటే ఎవరో నా గురించే రాసినట్టనిపించింది.

ఆ తర్వాత ఒక తప్పు చేశాను. రాత్రుళ్లు ఫోన్లో వెతికి, పది ప్రశ్నల పట్టిక ఒకటి పట్టుకున్నాను. బాల్యంలో కొట్టారా, తిట్టారా, ఇంట్లో తాగేవాళ్లున్నారా, అమ్మను కొట్టడం చూశావా, ఇలా. నా స్కోరు 6 వచ్చింది. ఆ ప్రశ్నలకు మూలమైన పరిశోధన అమెరికా డాక్టర్లు విన్సెంట్ ఫెలిటీ, రాబర్ట్ ఆండా 1998లో ప్రచురించారు. శాన్‌డియాగోలో ఆరోగ్య పరీక్షలకొచ్చిన వేలమందిని బాల్యం గురించి అడిగారు. ఒక్క చేదు అనుభవమూ లేనివాళ్లతో పోలిస్తే, నాలుగు రకాలు లేదా అంతకన్నా ఎక్కువ అనుభవించినవాళ్లకు తాగుడు, మత్తుమందులు, డిప్రెషన్, ఆత్మహత్యాయత్నం ముప్పు 4 నుంచి 12 రెట్లు ఎక్కువని తేలింది. నాలుగుకే అంతైతే ఆరుకు ఎంతో అని తెల్లవార్లూ లెక్కలు కట్టాను.

థెరపిస్టుతో "మేడమ్, నా స్కోరు 6. ఇంక ఎందుకండీ ఈ సెషన్లు?" అన్నాను. ఆవిడ నా మాట కొట్టిపారేయలేదు. ఆ అంకె జనసమూహాలకు కట్టిన లెక్క అనీ, ఒక్కో మనిషికి ఏమవుతుందో చెప్పడానికి దాన్ని వాడకూడదని ఆండానే తన తోటివాళ్లతో కలిసి 2020లో రాశారనీ చెప్పారు. దెబ్బలు ఏ వయసులో పడ్డాయి, ఎన్నేళ్లు సాగాయి, పక్కన ఎవరైనా ఉన్నారా అన్నవేవీ ఆ అంకెలో ఉండవు. అప్పుడు కింది అంతస్తు మామ్మగారు గుర్తొచ్చారు. ఎన్నో సాయంత్రాలు వాళ్ల గుమ్మంలో కూర్చుని హోంవర్క్ చేసుకున్నాను. ఆవిడ ఎప్పుడూ ఏమీ అడగలేదు. తలుపు మాత్రం తీసే ఉంచేవారు. ఆ గుమ్మాన్ని ఏ పట్టికలో ఎక్కించాలి?

ఆ పట్టికలో లేనివి ఇంకా ఉన్నాయి. శాన్‌డియాగోలో జవాబులిచ్చినవాళ్లలో ఎక్కువమంది తెల్లవాళ్లు, కాలేజీ చదువు, ఆరోగ్య బీమా ఉన్నవాళ్లు. వాళ్ల జీవితాల్లోంచి వచ్చిన ప్రశ్నల్లో వీధి లేదు. 2012, 2013లలో ఫిలడెల్ఫియా నగరంలో 1,784 మంది పెద్దవాళ్లను అడిగినప్పుడు కొత్త ప్రశ్నలు చేర్చారు. వీధిలో హింస చూశారా, మీ పేటలో భయం లేకుండా తిరగగలిగారా, తోటి పిల్లలు ఏడిపించేవారా, జాతి వివక్ష ఎదురైందా, పరాయి ఇళ్లలో పెరిగారా అని. ఇంట్లో భయపడి బయటికి పరుగెత్తిన పిల్లాడికి బయటా భయమే ఎదురైతే ఎలా ఉంటుందో తెలిసినవాళ్లు అడగాల్సిన ప్రశ్నలివి. బడి నుంచి ఇంటికి దగ్గరి దారి వదిలి చుట్టూ తిరిగి వచ్చిన రోజులు నాకున్నాయి.

నన్ను అన్నిటికన్నా పట్టి పీడించింది లేచిన నా చెయ్యి. మా నాన్నకూ చిన్నప్పుడు దెబ్బలు తప్పలేదు. ఇక నా వంతేనా? ఈ ప్రశ్న మీద కేథీ విడమ్ 1989లో ప్రచురించిన పరిశోధన ఉంది. బాల్యంలో హింసకో నిర్లక్ష్యానికో గురైనట్టు కోర్టు రికార్డుల్లో ఉన్న 908 మందిని, అదే వయసూ అలాంటి నేపథ్యమూ ఉండి, హింస రికార్డు మాత్రం లేని 667 మందితో పోల్చారు. మొదటి గుంపులో 18 ఏళ్లలోపే అరెస్టయినవాళ్లు నూటికి 26, రెండో గుంపులో 17. తేడా ఉంది, కాదనను. కానీ ఆ మిగతా 74 మందిని అంతకుముందు నాకెవరూ చూపించలేదు. థెరపిస్టు ఆ అంకెను నా చేతే నోట్‌బుక్‌లో రాయించారు. తర్వాత మేనల్లుడి దగ్గరికి వెళ్లి, "నీ మీదికి చెయ్యెత్తడం నా తప్పురా" అని చెప్పాను. వాడు కాసేపు నన్నే చూసి "ల్యాప్‌టాప్ బాగైందా మామా?" అన్నాడు.

అక్కతో మాట్లాడటం అంత తేలిగ్గా జరగలేదు. "నాన్న నన్నెప్పుడూ కొట్టలేదురా, నిన్నే" అంది. ఆమె మణికట్టు మీది వాత నా కళ్లముందే ఉంది. నేనే కల్పించుకున్నానా అని వారం రోజులు తిండి సయించలేదు. ఇలాంటి తేడాలు పరిశోధకులకు కొత్త కాదట. బాల్యంలోనే హింస నమోదైనవాళ్లలో సగానికి కాస్త పైగా పెద్దయ్యాక అలాంటిదేమీ లేదనే చెబుతారని, అనేక అధ్యయనాలను కలిపి చూసిన 2019 నాటి పరిశీలనలో తేలింది. అక్క అబద్ధం ఆడటం లేదు, నేనూ ఆడటం లేదు. ఆ తర్వాత ఆ వాత గురించి ఆమెను మళ్లీ అడగలేదు.

చికిత్స పదకొండు నెలలు నడిచింది. సెర్‌ట్రలైన్ మాత్ర పనిచేయడానికి కొన్ని వారాలు పట్టింది. మొదటి రోజుల్లో వికారంగా ఉండేది. తర్వాత నిద్ర కుదురుకుంది. అసలు కష్టం సెషన్లలో. తాళంలో చెవి తిరిగే చప్పుడు నా ఫోన్లోనే రికార్డు చేయించి, థెరపిస్టు తన గదిలో కూర్చోబెట్టి వినిపించేవారు. మొదటిసారి ఆరు సెకన్లకే లేచి బయటికొచ్చేశాను. నాలుగో వారంలో చివరిదాకా విన్నాను, చొక్కా తడిసిపోయింది. మధ్యలో రెండు వారాలు వెళ్లనేలేదు. వెళ్లాక ఎందుకు రాలేదని ఆవిడ కోప్పడలేదు. కోప్పడకపోయేసరికి ఏడుపొచ్చింది.

మొన్న ఆదివారం వంటింట్లో నిలబడి కూర తరుగుతున్నాను. స్టవ్ మీద ఏదో మరుగుతోంది. వెనక నుంచి "కత్తి అలాగేనా పట్టుకునేది?" అంది అక్క. ఇంటి తాళం చెవి ఒకటి ఆమెకిచ్చి రెండు నెలలైంది.

"నువ్వెప్పుడొచ్చావే?" అన్నాను.

"ఇప్పుడేరా, తలుపు తీసుకుని వచ్చాను. వినపడలేదా?"

వినపడలేదు.