పాడైన బ్లాడర్‌కి కణాలు ఎక్కడ్నుంచి తేవాలి?

ల్యాబ్‌లో పెంచిన బ్లాడర్ (మూత్రాశయం) అంటే ఎవరైనా ముందు అమెరికా సర్జన్ ఆంథొనీ అటాలా పేరే ఎత్తుతారు. 2006లో లాన్సెట్ అనే మెడికల్ జర్నల్‌లో ఆయన టీమ్ పేపర్ వచ్చింది, పుట్టుకతోనే వెన్నుపూస సమస్య వల్ల బ్లాడర్ దెబ్బతిన్న 7 మంది పేషెంట్లు, 4 నుంచి 19 ఏళ్ళ వాళ్ళు. వాళ్ళ బ్లాడర్‌లోంచే చిన్న ముక్క తీసి, లోపలి పొర కణాలు వేరుగా, కండరం కణాలు వేరుగా పెంచి, బ్లాడర్ ఆకారంలో ఉన్న స్కాఫోల్డ్ (కణాలు పట్టుకుని పెరిగే అచ్చు లాంటిది) మీద వేసి, ఓ ఏడు వారాలకి తిరిగి లోపల పెట్టారు. న్యూస్ పేపర్లన్నీ ఊదరగొట్టాయి. తర్వాత ఇదే పద్ధతిలో 10 మంది పిల్లల మీద చేసిన ఫేజ్ 2 ట్రయల్ రిజల్ట్ 2014లో వచ్చింది, బ్లాడర్ సాగే గుణం ఏమంత మెరుగుపడలేదు, పైగా సీరియస్ కాంప్లికేషన్లు. దీని గురించి మాత్రం ఎవరూ పెద్దగా మాట్లాడరు!

నాకు మొదట్నుంచీ ఇబ్బందిగా అనిపించేది ఏంటంటే, జబ్బు చేసిన బ్లాడర్‌లోంచే కణాలు తీసి కొత్త బ్లాడర్ చేయడం. నరాల సమస్య ఉన్న బ్లాడర్ కణాలు ల్యాబ్ డిష్‌లోకి వచ్చాక కూడా మామూలు కణాల్లా ప్రవర్తించవని స్టడీలు ఉన్నాయి. ఇక క్యాన్సర్ వచ్చి బ్లాడర్ తీసేసిన వాళ్ళ సంగతైతే చెప్పక్కర్లేదు, అక్కడి కణాల్ని పెంచి మళ్ళీ లోపల పెట్టే ధైర్యం ఎవరికుంటుంది. ఇప్పటికి డాక్టర్లు చేస్తున్నది పేగు ముక్క తీసి కుట్టడమే, కానీ పేగు పని పీల్చుకోవడం కదా, అది యూరిన్‌ని కూడా పీల్చుకుంటుంది, రక్తంలో యాసిడ్ పెరుగుతుంది, జిగురు వస్తుంది, రాళ్ళు కడతాయి.

అందుకే వేరే చోట్ల వెతుకులాట. కొవ్వు కణాలు, ఎముక మజ్జ కణాలు రెండూ ట్రై చేశారు, కండరం వైపు బాగానే పనికొస్తాయి గానీ యూరిన్ లీక్ కాకుండా ఆపే లోపలి పొరగా మార్చడం దగ్గరే తంటా.

మూత్రనాళం (బ్లాడర్ నుంచి యూరిన్ బయటికి వచ్చే గొట్టం) సన్నబడిపోయిన వాళ్ళకి మాత్రం బుగ్గ లోపలి పొర ఎప్పట్నుంచో వాడుతున్నారు, ఎప్పుడూ తడిగా ఉండే చోటు కదా, యూరిన్ తగిలినా తట్టుకుంటుంది. అయితే పెద్ద ముక్క కోస్తే నోరు నొప్పి, కొన్నాళ్ళు తినడానికి ఇబ్బంది. దీనికి మన హైదరాబాద్ డాక్టర్లు ఒక దారి పట్టారు, 2019లో పేపర్ వచ్చింది. బుగ్గలోంచి చిన్న ముక్క మాత్రమే తీసి, కణాలు పెంచి, చల్లగా ఉంటే ద్రవంలా, ఒంటి వేడికి జెల్‌లా మారే ఒక పాలిమర్‌లో కలిపి, సన్నబడిన చోట కోసి అక్కడ పెట్టారు. 6 మందిలో నలుగురికి బాగుంది, ఇద్దరికి మళ్ళీ సన్నబడింది. చిన్న స్టడీనే, కానీ పేషెంట్ దాకా వచ్చింది, నా దృష్టిలో అదే గొప్ప. మన దగ్గర ఇంకో చిక్కు, గుట్కా, ఖైనీ నమిలే వాళ్ళ బుగ్గ లోపల గట్టిపడిపోయి ఉంటుంది, నోరే సరిగా తెరుచుకోదు. వాళ్ళకి ఈ దారి దాదాపు మూసుకుపోయినట్టే.

ఇక నాకు బాగా నచ్చింది యూరిన్ నుంచే కణాలు తీయడం. అవును, రోజూ మనం ఫ్లష్ చేసేసే ఉచ్చే! అమెరికాలోని వేక్ ఫారెస్ట్ యూనివర్సిటీలో యువాన్యువాన్ జాంగ్ అనే రీసెర్చర్ వాళ్ళు 2008లో చూపించారు, యూరిన్‌లో కొద్దిగా స్టెమ్ సెల్స్ (వేరే రకం కణాలుగా మారగల మూల కణాలు) ఉంటాయి, కోత లేదు, మత్తు లేదు, అవే కండరంగానూ లోపలి పొరగానూ మారగలవు. ఇవి ఎక్కడ్నుంచి వస్తున్నాయో పట్టుకున్న తీరు భలే ఉంటుంది, మగవాళ్ళ కిడ్నీ మార్పిడి చేయించుకున్న ఆడవాళ్ళ యూరిన్‌లో దొరికిన కణాల్లో మగవాళ్ళకే ఉండే వై క్రోమోజోమ్ కనిపించింది, అంటే అవి బ్లాడర్‌వి కావు, కిడ్నీ నుంచి దిగొచ్చినవి.

అలాగని కణాలు మారిస్తే అంతా అయిపోయినట్టు కాదు, రక్తనాళాలు త్వరగా పట్టకపోతే మందంగా ఉన్న ముక్క మధ్యలోనే చచ్చిపోతుంది, నరం కలవకపోతే అది ఊరికే సంచీ, సమయానికి ముడుచుకోదు. బ్లాడర్‌కి ఇదే పెద్ద అడ్డంకి, మూత్రనాళం సన్నటి గొట్టం కాబట్టి అక్కడ ముందుగా ఫలితాలు వచ్చాయి. క్యాన్సర్ పేషెంట్ల విషయంలో ఇంకో సందేహం కూడా రావాలి, యూరిన్ ఎలాగూ గడ్డ పక్కనుంచే కదా బయటికి వచ్చేది. దానికీ ఒక ఉపాయం టెస్ట్ చేశారు, బ్లాడర్ దాకా దిగనివ్వకుండా పైన కిడ్నీ వైపే యూరిన్ పట్టుకుని అందులోంచి కణాలు తీశారు, అవీ బాగానే పెరిగాయి.